అలియాబాద్ పాలపిట్టను తరిమిన కారు

దసరా నాడు ఒక ఊరంతటికీ పాలపిట్ట దక్కకుండా చేసిన మొనగాడు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కాళ్లు మొక్కి వస్తాను. ఉండడు. ఆ ఘనత నాదొక్కడిదే. అదీ తుపాకీతో కాదు, వడిసెలతో కాదు, జేబులో పట్టే చిన్న పానాతో సాధించాను.

మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. దసరా సాయంత్రం మా ఊళ్లలో ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకుని ఊరి బయటికి వెళ్తారు. జమ్మికి మొక్కుతారు, పాలపిట్టను చూస్తారు. ఆ నీలిరెక్కల పిట్ట కంటబడితే ఏడాదంతా మంచే జరుగుతుందని నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచండి, ఆ పిట్ట కోసం ఊరంతా తలలెత్తి ఒకే దిక్కు చూసే ఆ కాసేపు నాకు ఎంతో ఇష్టం. అలాంటి సమయంలో నేనేం చేశానో చెప్పాలంటే ముందు మా కారు సంగతి చెప్పాలి.

మాది మేడ్చల్ దగ్గర అత్వెల్లి. ద్రాక్ష తోట ఉండేది. ఒక ఏడు కాపు విరగకాసేసరికి మా బాపు సికింద్రాబాద్ పోయి పాత అంబాసిడర్ ఒకటి తోలుకొచ్చాడు. ఆ తర్వాత తోట ఏడాదికేడాది వెనకబడింది గానీ కారు మాత్రం ఇంట్లో మనిషైపోయింది. బాపు దాన్ని కారు అనేవాడే కాదు. "మనది" అనేవాడు. పొద్దున లేవగానే "మనది మంచిగున్నదా" అని అడిగాకే నా సంగతి అడిగేవాడు, అదీ గుర్తొస్తే.

దానికి వైద్యం మేడ్చల్‌లో రేకుల షెడ్డు పెట్టుకున్న మహబూబ్ చాచాది. ఇంజన్‌లో పెట్రోలు మీద నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఒక లెక్క ఉంటుంది. తొందరగా పడితే ఇంజన్ లోపల గలగలమంటుంది. ఆలస్యంగా పడితే బండి ఈడ్వదు, వేడెక్కుతుంది, కాలకుండా మిగిలింది సైలెన్సర్‌లోకి పోయి పేలుతుంది. ఆ రవ్వను పంచే గుండ్రటి డబ్బా పేరు డిస్ట్రిబ్యూటర్. దాని బోల్టు వదులుచేసి, డబ్బాను ఇంతంటే ఇంత అటో ఇటో తిప్పి బిగించడమే టైమింగ్ పెట్టడం. చాచా ఏ పరికరం వాడేవాడు కాదు. ఒక చెయ్యి మడ్‌గార్డ్ మీద వేసి, కళ్లు మూసుకుని, ఇంజన్ చప్పుడు వింటూ రెండో చేత్తో డబ్బా తిప్పేవాడు. ఎక్కడో ఒకచోట ఆయన మొహం విచ్చుకునేది. అక్కడ బిగించేవాడు. తర్వాత ఇంట్లోంచి తెచ్చిన ఎర్రటి గోళ్లరంగు సీసా తీసి, డబ్బా మీద ఒక చుక్క, దానికెదురుగా ఇంజన్ మీద ఒక చుక్క పెట్టేవాడు.

"రెండు చుక్కలు మొకాలు మొకాలు సూసుకోవాలె బేటా. పెండ్లిపిల్ల, పిలగాడు లెక్క. దూరం జరిగితె బండి నడ్వది" అనేవాడు.

నేను వినేవాణ్ణి, లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఎందుకంటే నేను అప్పటికే జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేస్తున్నాను. మైక్రోమీటర్ పట్టి వెంట్రుకలో పదోవంతు తేడా కనిపెట్టేవాణ్ణి. చొక్కా జేబుకు ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది, పెళ్లి ఫొటోలో కూడా ఉంది, కావాలంటే చూపిస్తాను. చెవితో టైమింగ్ పెట్టే మనిషిని చూస్తే నాకు జాలేసేది. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు జాలి వేయని మనిషే లేడనుకోండి.

అప్పటికి పెళ్లయి అయిదు నెలలు. సుజాతది అలియాబాద్, శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీద. దూరపు చుట్టరికంలో మేనమామ వరసైన ఆయన కూతురు, అందుకని నన్ను "బావా" అనేది. పెళ్లయిన తొలి ఏడు ఆడపిల్ల బతుకమ్మకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. వాళ్ల నాయిన వచ్చి తీసుకుపోయాడు. దసరాకు కొత్తల్లుడు వెళ్లి పండుగ చేసుకుని భార్యను తెచ్చుకోవాలి. మధ్యలో పదిహేను రోజులు.

పదిహేను రోజులేగా అంటారు మీరు. మీరు అనగలరు. ఆమె పోయిన మర్నాడు నేను రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకుని, రెండోది ఎవరికో తెలియక రెండూ తాగాను. మూడోనాడు కూడా అంతే. ఆమె వాడే దువ్వెనకు రెండు వెంట్రుకలుంటే దులపకుండా అలాగే పెట్టాను. లేతు మీద షాఫ్టు తిరుగుతుంటే గాజుల చప్పుడు వినిపించేది, అది షాఫ్టు చేసే చప్పుడు కాదు, నాకు పట్టిన పిచ్చి. అలియాబాద్‌లో ఒక కిరాణా కొట్లో ఫోను ఉండేది. రెండుసార్లు మాట్లాడుకున్నాం. నా వెనక నలుగురు, ఆమె వెనక ఆరుగురు నిలబడి ఉంటే ఏం మాట్లాడతాం? ఉప్పు చింతపండు మాట్లాడుకున్నాం. కానీ రెండోసారి పెట్టేసే ముందు ఆమె గొంతు తగ్గించి ఒక మాట అంది.

"బావా, పాలపిట్టను నీతోనే సూస్త. నువ్వొచ్చెదాంక మొకం మీదికి ఎత్తనే ఎత్త. పొద్దు గుంకకముందె రా."

ఆ మాటతో నేను నేల మీద లేను. పొద్దుగుంకడమేంటి, పగటి భోజనానికే వస్తానన్నాను. అదీ మా అంబాసిడర్‌లో, అద్దంలా మెరిసే ఇంజన్‌తో.

ఇంజన్ మెరవాలని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అది నా బుర్రలోనే పుట్టింది. దసరాకు బండ్లు కడుగుతారు, పూజ చేస్తారు, సరే. అందరూ పైన కడుగుతారు. నేను లోపల కడగాలనుకున్నాను. ఫ్యాక్టరీలోంచి జిడ్డు వదలగొట్టే థిన్నర్ సీసాడు తెచ్చాను. పండుగ పొద్దున బానెట్ ఎత్తి గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాను. ఏళ్లనాటి నూనె జిడ్డు కరిగి కారిపోతుంటే ఇత్తడి చెంబు తోమినట్టు లోహం బయటపడింది. డిస్ట్రిబ్యూటర్ కింద మూలన జిడ్డు అందలేదు. బోల్టు వదులు చేశాను, డబ్బా అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి రుద్దాను. మళ్లీ పెట్టడానికేముంది, రెండు ఎర్రచుక్కలు ఎదురెదురు పెడితే సరి అనుకున్నాను.

థిన్నర్ దేన్ని కరిగిస్తుందో నాకు తెలియదా? తెలుసు. ఫ్యాక్టరీలో రోజూ చూస్తాను. కానీ ఆ పొద్దున నా బుర్ర అప్పటికే అలియాబాద్ చేరుకుంది. అత్వెల్లిలో చేతులు మాత్రమే మిగిలాయి.

ఇంతలో మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, పూజ పళ్లెంతో వచ్చి నిలబడింది. "మంచి గడియ పోతున్నది, ఒళ్లంత మురికితోని ఏం పూజ చేస్తవు, పో తానం చేసిరా" అని గదమాయించింది. నేను బోల్టు అలాగే వదిలేసి స్నానానికి పోయాను. తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, జేబుకు స్కేలు తగిలించుకుని వచ్చేసరికి అవ్వ నా కోసం ఆగకుండా పూజ చేసేసింది. స్టీరింగుకు పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు, అగరొత్తుల పొగ. బాపు కొబ్బరికాయ కొట్టాడు.

నేను వంగి చూశాను. డబ్బా మీద ఎర్రచుక్క ఉంది. ఇంజన్ మీద ఎర్రచుక్క ఉంది. స్కేలు తీశాను. రెండు చుక్కల నడిమధ్యలు ఒక గీతలోకి వచ్చేదాకా, ఊపిరి బిగబట్టి, తిప్పి బిగించాను. చాచా చూస్తే సిగ్గుపడేంత కచ్చితంగా పెట్టాననుకున్నాను.

బండి వెంటనే లేవలేదు. ముందుకెళ్లి హ్యాండిల్ పెట్టి నాలుగైదుసార్లు తిప్పితే దగ్గుతూ లేచింది. బాపు తల పక్కకు వంచి విన్నాడు.

"మనదాని గొంతు మారింది" అన్నాడు.

"కడిగిన గద బాపు, గొంతు శుభ్రమైంది" అన్నాను.

"పొయ్యేటప్పుడు మేడ్చల్‌ల మహబూబ్‌కు సూపెట్టు."

సరేనన్నాను. సరేనంటే ఎలాగూ ఆపను అని అర్థం. ఏ జమానాలోనో నేర్చిన చెవి విద్యకు నా స్కేలును చూపించి మార్కులు వేయించుకోవాలా?

ఇక్కడ నా జన్మలో మరిచిపోలేని దృశ్యం ఒకటుంది. మేడ్చల్‌లో చాచా షెడ్డు ముందునుంచి పోతుంటే, ఆయన మా కారు రాకముందే, ఆ చప్పుడు విని లోపలినుంచి బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. పండుగ శుభాకాంక్షలు చెబుతున్నాడనుకున్నాను. నేనూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అంతకంటే జోరుగా ఊపాను. ఆయన కొంతదూరం పరుగెత్తాడు కూడా. ఎంత అభిమానమని కళ్లు చెమర్చాయి నాకు.

మేడ్చల్ దాటగానే బండి అసలు రంగు బయటపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఏడుస్తుంది గానీ ముందుకు పోదు. ఎడ్లబండి ఒకటి నన్ను దాటిపోయింది. దాటిపోతూ ఆ పెద్దమనిషి "ఏం కొడుకా, నూకాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. ఇంకో అరగంటకు రేడియేటర్ బుసలు కొట్టింది. ఆగి, చల్లారనిచ్చి, బావి చూసుకుని నీళ్లు పోశాను. మళ్లీ పోవడం, మళ్లీ ఆగడం. అన్నిటికంటే పెద్ద విశేషం ఏంటంటే, యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీసినప్పుడల్లా వెనక సైలెన్సర్‌లో ఢామ్మని పేలుడు. మొదటిసారి పేలినప్పుడు టైరు పోయిందనుకుని దిగి చూశాను. రెండోసారి పేలినప్పుడు చేలో మేస్తున్న బర్రెలు నా మొహం చూడకుండా పోయాయి. మూడోసారికి నేనే అలవాటుపడ్డాను.

పగటి భోజనం దాటింది. నడిపొద్దు వాలింది. శామీర్‌పేట చెరువు కట్ట కిందికి చేరేసరికి ఎండ పసుపు రంగులోకి తిరిగింది. చొక్కా నల్లబడింది, జేబులో స్కేలు మాత్రం తళతళలాడుతోంది. నాకు బండి మీద కోపం లేదు, ఆకలి లేదు. ఒక్కటే దిగులు. అక్కడ ఒకామె మొహం పైకెత్తకుండా కూర్చుని ఉంటుంది.

అలియాబాద్ పొలిమేరకు వచ్చేసరికి పొద్దు ఇంకా గుంకలేదు. రోడ్డు పక్క చేలగట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. జమ్మి మొక్కు అయిపోయినట్టుంది, అందరి చేతుల్లో ఆకులున్నాయి. అందరి తలలూ పైకి లేచి ఉన్నాయి. కరెంటు తీగ మీద, ఎండ మొహానికి తగిలేలా, నీలిరంగు పిట్ట ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. పిల్లల్ని భుజాలమీదికెక్కించుకుని చూపిస్తున్నారు.

ఆ గుంపులో ఒక్క తల మాత్రం వంగి ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, తలలో బంతిపూలు. సుజాత. పక్కన వాళ్లమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తబోతుంటే తల అడ్డంగా ఊపుతోంది. పదిహేను రోజుల తర్వాత ఆమెను చూశాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నా కళ్లకు పిట్టా లేదు, ఊరూ లేదు. ఆమె కారు చప్పుడు విని నా వైపు తిరిగింది. నవ్వింది. ఇక నీతో కలిసి చూస్తా అన్నట్టు మెల్లగా మొహం పైకెత్తబోయింది.

నేను కారు ఆపుదామని యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీశాను.

పొద్దుటినుంచి పేలినవన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. పిల్లలు చెవులు మూసుకున్నారు, ఒక ముసలాయన కిందికి కూలబడ్డాడు. పొగ తేలిపోయాక చూస్తే తీగ ఒక్కటే ఊగుతోంది. ఊరు ఊరంతా మెల్లగా తలలు దించి నన్ను చూసింది. కొత్తల్లుణ్ణి అంతమంది అంత శ్రద్ధగా చూడటం మా చుట్టాల్లో ఎవరికీ జరగలేదు.

ముందుగా ఒక ముసలమ్మ మాట్లాడింది. "దీపావళికి ఇంక ఇరవై దినాలున్నయి గద అల్లుడా, గప్పుడే పటాకులు తెచ్చినవు?"

మామ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. తిడతాడనుకున్నాను. "బువ్వ తిన్నవా" అని మాత్రం అడిగాడు. తిడితేనే బాగుండేది.

సుజాత దగ్గరికొచ్చి, నా మసి మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిట్టను సూసినవా బావా?"

"తోక సూసిన. నువ్వు?"

"నేను గది గుడ సూడలె."

ఆ రాత్రి నేను తిన్న బూరెల రుచి తెలియలేదు. ఆమె ఒక్క కోరిక కోరింది. అదీ ఖర్చు లేని కోరిక. దాన్ని నా చేత్తో పేల్చేశాను.

మర్నాడు బండి దగ్గడం కూడా మానేసింది. మామ ట్రాక్టరు తెచ్చి, మోకు కట్టి, "మేడ్చల్ దాంక గుంజుకపోత, మీరు లోపల కూసోండ్రి" అన్నాడు. ముందు ట్రాక్టరు మీద మామ, వీపు మాకు. వెనక తాడు చివర మా అంబాసిడర్, అందులో నేనూ సుజాతా. ఇంజన్ లేదు, గేరు లేదు. స్టీరింగు పట్టుకోవాలి, మామ ఆగితే బ్రేకు వేయాలి. అంతే నా పని.

ఇప్పుడు ఆ రోడ్డు మీద కారులో పోతే పాట ఒకటి పూర్తయ్యేలోపు శామీర్‌పేట వస్తుంది. ఆనాడు మేడ్చల్ చేరడానికి మాకు సగం రోజు పట్టింది. ఆ సగం రోజులో సుజాత తొమ్మిది రోజుల బతుకమ్మ ముచ్చట్లు చెప్పింది. ఏ రోజు ఏ పువ్వు దొరకలేదో, ఎవరు పాట మధ్యలో మరిచిపోయారో, కిరాణా కొట్లో ఫోను మోగినప్పుడల్లా తాను చేట పట్టుకుని ఎలా పరుగెత్తిందో, నేను చేసిన ఆ రెండుసార్లు తప్ప అది ప్రతిసారీ వేరేవాళ్లకు వచ్చిన ఫోను ఎలా అయిందో. నేను రెండు గ్లాసుల చాయ్ సంగతి చెప్పాను. ఆమె నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి, స్టీరింగు మీద నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. మామ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదనే చూడలేదని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ తర్వాత చాలా బండ్లు ఎక్కాను, ఏసీలు ఉన్నవి, పాటలు పాడేవి. తాడు కట్టి లాగిన ఆ బండిలో ఇంకొక్కసారి కూర్చోవాలనిపిస్తుంది నాకు. దానికోసం ఏమైనా ఇస్తాను.

మేడ్చల్‌లో చాచా షెడ్డు ముందే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఏమీ అడగకుండా బానెట్ ఎత్తాడు. కాసేపు లోపలికి చూశాడు. తర్వాత వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"బేటా, నేను ఎన్ని చుక్కలు పెట్టిన?"

"రెండు చాచా."

"గిక్కడ పదకొండున్నయి."

నేనూ తొంగి చూశాను. బ్యాటరీ మీద ఒకటి, రేడియేటర్ మీద ఒకటి, హారన్ మీద, ఎయిర్ ఫిల్టర్ మీద, నూనె పోసే మూత మీద. అన్నిటిమీదా ఎర్రటి చుక్కలు, గుండ్రంగా, ముచ్చటగా. నా స్కేలుకు ఆ పొద్దున రెండే కనిపించాయి.

చాచా బొటనవేలు తడిచేసి డిస్ట్రిబ్యూటర్ మీది చుక్కను ఒక్క రుద్దు రుద్దాడు. మొత్తం వేలికి వచ్చేసింది. వాసన చూశాడు.

"గోళ్లరంగు గాదిది. కుంకుమ. నా నిషాన్ నువ్వు తుడిచినవు, మీ అవ్వ బొట్టు పెట్టింది. నువ్వు అవ్వ బొట్టుకు టైమింగ్ పెట్టినవు బేటా."

సుజాత అప్పటిదాకా పద్ధతిగా నిలబడి ఉంది. ఆ మాటతో కారు తలుపు పట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మామ ట్రాక్టరు వెనక్కి పోయి నవ్వి వచ్చాడు, పెద్దరికం ఉన్న మనిషి కదా.

చాచా డబ్బా కాస్త జరిపి, నాతో హ్యాండిల్ తిప్పించి బండిని లేపాడు. తర్వాత చెయ్యి మడ్‌గార్డ్ మీద వేసి, కళ్లు మూసుకుని, డబ్బా తిప్పాడు. దగ్గుతున్న ఇంజన్ మెల్లగా కుదుటపడి, ఒకచోట పాత గొంతులోకి వచ్చేసింది. ఎట్లా తెలుస్తుందని సుజాత అడిగింది.

"మనిషి ఖుష్ ఉంటె గొంతుల తెలుస్తది గద బేటీ. గట్లనే" అన్నాడు చాచా. తర్వాత గోళ్లరంగు సీసా తీసి, ఏదో ఆలోచించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎర్రది పెడితే వచ్చే దసరాకు మళ్లీ ఇదే కథ అవుతుందన్నాడు. సుజాత తన సంచిలోంచి గులాబీరంగు సీసా తీసి ఇచ్చింది. మా అంబాసిడర్‌కు రెండు గులాబీ చుక్కలు పడ్డాయి, మొకాలు మొకాలు చూసుకుంటూ.

అవ్వ పోయింది, చాచా పోయాడు, వాళ్ల వెనకే బాపు. ద్రాక్ష తోటలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి. మనది ఎవరికో ఇచ్చేశాం. అది ఏ మూల తుప్పుపడుతోందో, ఆ గులాబీ చుక్కలు ఇంకా ఉన్నాయో లేవో తెలియదు. ఇప్పుడున్న కారుకు డిస్ట్రిబ్యూటరే లేదు, టైమింగ్ కంప్యూటర్ చూసుకుంటుందట. అవ్వ ఉంటే ఆ కంప్యూటర్‌కూ బొట్టు పెట్టేది.

ఆ నేరానికి శిక్షగా ప్రతి దసరాకూ నేను సుజాతను పాలపిట్టను వెతకడానికి తీసుకుపోతూనే ఉన్నాను. ఒక ఏడు కారు దిగేలోపు ఎగిరిపోయింది. ఒక ఏడు కాకిని చూసి మోసపోయాం. ఒక ఏడు ఎవరో పంజరంలో పెట్టి తెస్తే ఆమె చూడనని మొహం తిప్పుకుంది. చేలు తగ్గాయి, పిట్టలూ తగ్గాయి. పోయిన దసరాకు కూడా అలియాబాద్ పొలిమేరలో చీకటిపడేదాకా నిలబడి, ఏమీ కనిపించక, "నావల్లనే గద, ఆనాడు నువ్వు సూడకపోతివి" అని మళ్లీ బాధపడ్డాను.

సుజాత నా వైపు తిరిగింది. "ఒక మాట చెప్త, కోపం జేస్తవా?" అంది.

"చెప్పు."

"నేను గా దినం పొద్దుగాలనే సూసిన బావా. బాయికాడ మోటరు తీగ మీద కూసున్నది. కండ్లనిండ సూసిన."

ఇన్నేళ్ల పశ్చాత్తాపం కళ్లముందు తిరిగింది. మరి గట్టు మీద తల వంచుకుని నిలబడిందేంటని, ఇన్నేళ్లు చెప్పలేదేంటని అడిగాను.

"నీతోని సూడలె గద. చెప్తె మల్ల మల్ల తోల్కస్తవా?"

కనుక ఓ పాఠక మహాశయులారా, మీరందరూ సాక్షులుగా, కుడిచెయ్యి చల్లారిన బానెట్ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ ఇంజన్ మీదైనా ఎర్రచుక్క కనబడితే దండం పెడతాను, పానా పెట్టను. పాలపిట్ట మాత్రం ఇంకా బాకీ ఉంది. అది ఎన్నేళ్లు కనబడకపోయినా నాకేం తొందర లేదు.